రమణమ్మ చేతిలో కరెంటు

ఈ కింద రాసిన ప్రతి ముక్కా నిజం. మా చోడవరం విఘ్నేశ్వరుడి మీద ఒట్టు, నా కళ్లజోడు మీద ఒట్టు, రోజూ పొద్దున్నే మింగే బీపీ మాత్ర మీద ఒట్టు. మా వీధిలో నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చదివితే చేతిలో టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతారు. వాళ్లను పట్టించుకోకండి. వాళ్లకు నేను చెప్పినవి వేరు, ఇది వేరు. ఇది ప్రింటింగ్ పనిలోకి కొత్తగా అడుగుపెట్టే పిల్లల కోసం రాస్తున్నది. పిల్లల దగ్గర కోతలు కోసే అలవాటు నాకు లేదు. పెద్దవాళ్ల దగ్గరే.

యాభైలు దాటకుండానే పని మానేశాను. నడుము ఒప్పుకోలేదు. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, జీతం ఎంత పెరిగింది అనేవి రాయను. చదివేవాళ్లకు నిద్ర వస్తుంది, రాసేవాడికి ఏడుపు వస్తుంది. మానేసిన రోజున ఒక శాలువా కప్పారు. అసలైన పాలిస్టరు. చలికాలంలో దాన్ని ఒంటి మీంచి లాగితే చిటపటమంటుంది, చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి. నా ఉద్యోగ జీవితంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠమంతా ఆ చిటపటలోనే ఉంది. దానిని స్టాటిక్ అంటారు. మాకు ఆ పేరు తెలిసేలోపు దానికి వేరే పేరు పెట్టుకున్నాం. రమణమ్మ అని.

చెప్పులు బయట

నేను చేరింది అనకాపల్లి వెళ్లే రోడ్డు పక్కన ఒక చిన్న ప్రెస్సులో. ఓనరును అందరం పెద్దాయన అనేవాళ్లం. ఒకే ఒక్క ట్రెడిల్ మిషను. కాలితో తొక్కుతూ చేత్తో కాగితం అందించాలి. శుభలేఖలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే రెండు పార్టీల కరపత్రాలూ అదే మిషను మీద, అదే సిరాతో వేసేవాళ్లం. ఎవరు గెలిచినా మాకు అభ్యంతరం ఉండేది కాదు.

పెద్దాయన ఆ మిషనుకు పసుపు రాసి బొట్టు పెట్టేవారు. గది నేల నాపరాళ్లు కూడా కాదు, ఉత్త గచ్చు. తెల్లారగానే దాన్ని నీళ్లతో కడిగించేవారు. ఎండ ముదిరితే మళ్లీ నీళ్లు చిలకరించి, మూలన తడి గోనెసంచులు వేలాడదీసేవారు. దుమ్ము లేవకూడదని, కాగితం ముడుచుకోకూడదని. ఇక చెప్పులతో ఆ గదిలోకి వెళ్లడమంటే మహాపాపం. చేరిన మొదటి రోజు నేను ఆ పాపం చేశాను.

"ఒరే, అమ్మోరి గుళ్లోకి జోళ్లేసుకునే ఎల్తావేట్రా?" అన్నారు పెద్దాయన.

"ఇది ప్రెస్సు కదండీ."

"రేపట్నుంచి నీకు బువ్వ పెట్టేది ఎవులు? గుళ్లో ఉన్న అమ్మోరా, ఈవిడా?"

నోరు మూసుకుని చెప్పులు బయట విడిచాను. సాయంత్రానికి కుక్క ఒకటి ఎత్తుకుపోయింది. ప్రింటింగ్ రంగానికి నేను చేసిన మొదటి త్యాగం ఒక కుడికాలి చెప్పు.

ఆ ప్రెస్సులో పనిచేసినంత కాలం షాక్ కొట్టిందన్న మాట ఎవరి నోటా వినలేదు. ఎందుకు వినలేదో అప్పుడు ఆలోచించలేదు. లేని జబ్బుకు కారణం వెతికేవాడు ఎవడుంటాడు?

కొడుకు వచ్చాడు, ప్లాస్టిక్ వచ్చింది

పెద్దాయన పోయాక కొడుకు ప్రసాద్ బాబు దిగాడు. ఇంజనీరింగ్ సగం చదివి, మిగతా సగం మాకు నేర్పడానికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. జీతాలు వేళకిచ్చేవాడు, పేరు పెట్టి పిలిస్తే పక్కన గారు చేర్చేవాడు. కాకపోతే ఆయనకు ఏ సందేహం వచ్చినా ఫోను తీసి వీడియో చూసేవాడు. ఆ వీడియోలో చెప్పేవాడు ఏ ఊరివాడో, వాడి మిషను ఏమిటో, వాడి ఊళ్లో వాన ఎంతో మాకు తెలియదు. అయినా వాడు చెప్పిందే వేదం.

ట్రెడిల్ మిషనును పాత ఇనుముకు ఇచ్చేసి, ప్లాస్టిక్ కవర్ల మీద అచ్చువేసే మిషను తెచ్చాడు. చుట్టుపక్కల ఊళ్లన్నీ చెరుకు, బెల్లం. బెల్లం పొడి కవర్లకు గిరాకీ ఉంటుందని లెక్క వేశాడు. లెక్క తప్పు కాలేదు. మిషను ఎలా ఉంటుందంటే, ఈ చివర ప్లాస్టిక్ చుట్ట. అది విప్పుకుంటూ రోలర్ల మీదుగా పరుగెత్తి, మధ్యలో రంగు అంటించుకుని, ఆ చివర మళ్లీ చుట్టుకుంటుంది. చుట్టుకునే చివర ఒక మనిషి నిలబడి, అచ్చు చెదిరిందా రంగు మారిందా అని చేత్తో తడిమి చూస్తూ ఉండాలి. తర్వాత కవర్లుగా కోసి కట్టలు కట్టాలి.

ఆ చివర నిలబడే మనిషే రమణమ్మ. కోటపాడు రోడ్డులో ఒక పల్లె నుంచి షేరాటోలో వచ్చేది. అంతకుముందు ఆమె పని చెరుకు కొట్టి మోపులు కట్టడం. ఆకు కోసిన గీతలు మోచేతుల దాకా ఉండేవి. చేరిన రోజున మిషనును చూడలేదు, పైకప్పును చూసింది.

"ఏటమ్మా అలా సూస్తన్నావు?" అన్నాను, అప్పటికి అక్కడ మేస్త్రిని కనుక. నేనూ ఈ ఊరివాణ్ణే కదా, మాట్లాడితే అలాగే వస్తుంది.

"నీడ బాబూ. జీతం సంగతి తరవాత. నీడపట్టున పని దొరికినాది నాకు. ఇది పోతే మళ్లీ సెరుకు తోటే."

ఆమె చూపు పడితే చెదిరిన అచ్చు తప్పించుకునేది కాదు. కట్ట కడితే విప్పడానికి కత్తి కావాలి.

గది కూడా మారింది. పాత గచ్చు మీద ప్రసాద్ బాబు నున్నటి తెల్లటి టైల్స్ వేయించాడు. నీళ్లతో కడగడం ఆపించాడు, జారిపడతారని. గోనెసంచులు తీయించాడు, వచ్చినవాళ్లు చూస్తే బాగుండదని. గది పెళ్లికొడుకులా తయారైంది. చలికాలం వచ్చింది, బెల్లం కాలం మొదలైంది, గాలి పొడిబారింది.

ఒకరోజు రమణమ్మ స్టీలు గ్లాసులో టీ తెచ్చి ప్రసాద్ బాబుకు అందించింది. ఇద్దరి వేళ్ల మధ్య చిట్టుమని ఒక మెరుపు. టీ గోడ మీద, గ్లాసు నేల మీద, ప్రసాద్ బాబు కుర్చీ వెనక.

"షాక్ కొట్టింది!"

"నానేటి సేసేనండి?" అంది రమణమ్మ, అంతకంటే ఎక్కువగా బెదిరిపోయి. "నాకూ కొట్టినాది బాబూ!"

ఆ రెండో మాట ఎవరూ వినిపించుకోలేదు.

రబ్బరు వైద్యం

ఎలక్ట్రీషియను గవరయ్యను పిలిపించారు. నలభై ఇళ్లకు వైరింగు చేసి, అందులో చాలావాటిని తానే మళ్లీ బాగుచేసిన అనుభవజ్ఞుడు. మిషను చుట్టూ టెస్టరు పెట్టి చూశాడు. ఎక్కడా లైటు వెలగలేదు.

"కరెంటు లేదు బాబూ."

"మరి నాకు కొట్టిందేటి?" అన్నాడు ప్రసాద్ బాబు.

"కరెంటే."

"లేదన్నావు కదా?"

"లేదండి. కానీ కొట్టినాది కరెంటే."

ఈ రంగంలో ఇంత నిజాయితీగల సమాధానం నేను మళ్లీ వినలేదు. పిల్లలూ, గుర్తుపెట్టుకోండి. గోడలోని కరెంటు వేరు, ఇది వేరు. ప్లాస్టిక్ రోలరుకు ఒరుసుకుని విడిపోయినప్పుడల్లా కాస్త కరెంటు పుట్టి ఆ ప్లాస్టిక్ మీదే కూర్చుంటుంది. తడిమిన మనిషి ఒంట్లోకి కూడా ఎక్కుతుంది. దానికి పారడానికి దారి లేదు కనుక కదలకుండా కాచుకుని ఉంటుంది. దారి దొరికిన క్షణంలో చిట్టుమని దూకేస్తుంది. టెస్టరు దాన్ని పట్టుకోలేదు. ఇది నాకిప్పుడు తెలుసు. అప్పుడు మాకు ముగ్గురికీ తెలిసింది ఒక్కటే: కరెంటుకు మందు రబ్బరు.

గది నిండా రబ్బరు మ్యాట్లు పరిచారు. అందరికీ దళసరి రబ్బరు చెప్పులు కొన్నారు. పెద్దాయన చెప్పులు విప్పించిన గదిలోనే కొడుకు అందరికీ కొత్త చెప్పులు తొడిగించాడు. రమణమ్మ కింద ప్రత్యేకంగా రెండు మ్యాట్లు, ఒకదాని మీద ఒకటి. నేను ఆ కొత్త చెప్పులతో గదిలో అటూ ఇటూ నడిచి, "ఇంక పిడుగు పడినా భయం లేదు" అని ప్రకటించాను. చప్పట్లు కూడా కొట్టారు.

మర్నాటి నుంచి షాకులు రెట్టింపయ్యాయి.

మా ప్రెస్సులో ఒక పిల్లి ఉండేది. చుట్ట పక్కన వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకునేది. ఇప్పుడు దాని తోక సీసాలు కడిగే బ్రష్షులాగా ఉబ్బిపోయింది. రమణమ్మ దాన్ని నిమరబోతే, నిమరకముందే అరిచి, గోడెక్కి, అటునుంచి అటే పక్క కిరాణా దుకాణానికి మారిపోయింది. కాలిపోయిన ట్యూబులైటును తిరుగుతున్న చుట్ట దగ్గర పట్టుకుంటే, వైరు లేకుండా, మినుకుమినుకుమని వెలిగేది. నమ్మరని తెలుసు. పైన ఒట్టేశాను, చూసుకోండి.

మనిషి మీద పడింది

నవ్వులాటగా మొదలైంది నవ్వులాటగా ఆగలేదు. అందరూ ఆ రోలర్ల దగ్గరికి వెళ్లేవారే, అందరికీ అప్పుడప్పుడూ కొట్టేదే. కానీ రోజంతా చుట్టను తడుముతూ నిలబడేది ఒక్క రమణమ్మ. కనుక ఆమెను తగిలినవాళ్లకు ప్రతిసారీ కొట్టేది. "రమణమ్మ చేతిలో కరెంటుంది" అన్నారు ముందు. "రమణమ్మలో ఏదో ఉంది" అన్నారు తర్వాత. ఆ రెండు మాటల మధ్య దూరం ఎంత తక్కువో చూడండి. మొదటిదానికి గవరయ్యను పిలుస్తారు, రెండోదానికి భూతవైద్యుణ్ణి.

ఆమె చేతికి ఏదీ ఇవ్వడం మానేశారు. కత్తెర కావాలంటే బల్ల మీద పెట్టి జరిపేవాళ్లు. ఆ మాట ప్రెస్సు గడప దాటి షేరాటో ఎక్కింది. ఆటోలో ఆమె పక్కన కూర్చోవడానికి జనం జంకడం మొదలుపెట్టారు. ముగ్గురు పట్టే సీటులో ఆమె ఒక్కతే విశాలంగా కూర్చుని రావడం నేను కళ్లారా చూశాను. మహారాణిలా ఉందని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను.

"మేస్త్రి బాబూ, నిజంగా నా ఒంట్లో ఏటైనా ఉందేటి?" అని అడిగింది ఆ రోజు.

"ఇంట్లో కూడా ఇలాగే కొడుతుందా?"

"ఇంట్లో ఏటీ అవ్వదు బాబూ. మా గుంటని ఒళ్లో కూకోబెట్టుకుంటాను, బిందె ఎత్తుతాను, ఏటీ నేదు. ఇక్కడికొస్తేనే."

"మరి ఇంకేటి? నీలో ఏమీ లేదు."

"ఆ మాట ప్రసాద్ బాబుకి సెప్పండి."

చెప్పాను. ఫోనులోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నాడు.

అసలు ప్రమాదం తర్వాత వచ్చింది. ప్లాస్టిక్ మీద వేసే రంగును పల్చన చేయడానికి సాల్వెంటు అని ఒకటి కలుపుతారు. పెట్రోలుకు తమ్ముడు. దాని ఆవిరి గదిలో తిరుగుతూనే ఉంటుంది. ఒకరోజు అచ్చు పక్కకు జరుగుతోందని చూపించడానికి రమణమ్మ చుట్ట దగ్గర్నుంచి రంగు తొట్టి దగ్గరకు వచ్చింది. వేలు చాపి "ఇదిగో, ఇక్కడ" అంది. వేలికీ తొట్టికీ మధ్య చిట్టుమంది. తొట్టి మీద నీలంగా, అందంగా, ఒక మంట పరుచుకుంది. అంత అందమైన మంటను నేను మళ్లీ చూడదలుచుకోలేదు. షాకుల సంగతి చూడడానికి వచ్చిన గవరయ్య మిషను ఆపేశాడు. నేను దొడ్లోకి పరుగెత్తి, పారేసిన గోనెసంచి ఒకటి నీళ్లలో ముంచి తెచ్చి తొట్టి మీద కప్పాను. మంట చచ్చింది. కొంచెం ఆలస్యమైతే ఈ జ్ఞాపకాలు వేరేవాళ్లు రాసేవాళ్లు.

ప్రసాద్ బాబు మొహం తెల్లగా పాలిపోయింది. ఆయన భయం నిజమైనదే. దాన్ని తప్పు పట్టను. ఆ భయం ఎటు తిరిగిందన్నదే నా ఫిర్యాదు.

"మేస్త్రి గారూ, ఆవిడ వచ్చింది, మంటొచ్చింది. నేను కళ్లతో చూశాను. కోటపాడు షావుకారు బెల్లం కవర్ల ఆర్డరు పూర్తవగానే ఆవిడను పంపించేయండి."

"మరి ఆర్డరు పూర్తయ్యేదాకా?"

"అప్పటిదాకా ఉండనివ్వండి. అంత శుభ్రంగా అచ్చు చూసేవాళ్లు ఇంకెవరున్నారు?"

నిప్పు పుట్టించే మనిషి, కానీ ఆర్డరు ఉన్నన్నాళ్లు పుట్టించవచ్చు. యాజమాన్యమంటే ఏమిటో ఆ ఒక్క వాక్యంలో అర్థమవుతుంది.

పచ్చ వైరు ఎక్కడికి పోయింది

రమణమ్మ ఇంట్లో ఏమీ కాదన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మనిషిలో ఉంటే మనిషితో పాటు ఇంటికి పోవాలి కదా. పోవట్లేదంటే, అది ఈ గదిలోనే ఉండాలి.

గవరయ్యను తీసుకుని మిషను వెనక్కు వెళ్లాను. ప్రతి మిషనుకు ఒక పచ్చ వైరు ఉంటుంది, ఎర్త్ వైరు. ఎక్కువైన కరెంటు ఏదైనా దాని వెంట నేలలోకి దిగిపోవాలి. ఆ వైరును వేలితో పట్టుకుని గోడ వెంట నడిచాం. కిటికీలోంచి బయటకు వెళ్లింది. దొడ్లో కుళాయి గొట్టానికి చుట్టి, చక్కగా ముడి వేసి ఉంది.

"ఇది ఎవులు కట్టేరు?"

"నానే కట్టేను మేస్త్రి గారూ. గట్టిగా కట్టేను. సూడండి, ఎంత లాగినా రాదు."

"ముడి సంగతి కాదు. గొట్టం సూడు."

గవరయ్య చూశాడు. "నాను కట్టినప్పుడు ఇనప గొట్టమండి. తుప్పట్టిపోయిందని మొన్న వేసంగిలో మార్చేరు."

"దేంతోటి మార్చేరు?"

"ప్లాస్టిక్ గొట్టం ఏసేరు."

"వైరో?"

"ప్లంబరు మంచోడండి. ఇప్పిన వైరు మళ్లీ తెచ్చి ఈ గొట్టానికే కట్టేసేడు."

ఇద్దరం ఆ ముడి వైపు చూస్తూ నిలబడ్డాం. ప్లాస్టిక్ మీద అచ్చువేసే మిషనును మేము ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక చలికాలం ప్లాస్టిక్‌కే కట్టేసి ఉంచాం. ఇక గది నిండా రబ్బరు. అప్పుడు గుర్తొచ్చింది పెద్దాయన గది. తడిసిన గచ్చు, ఒట్టి కాళ్లు, వేలాడే గోనెసంచులు. పుట్టిన కరెంటు పుట్టినట్టే పాదాల్లోంచి నేలలోకి దిగిపోయేది. ఆయనకు ఎర్త్ గురించి ఒక్క ముక్క తెలియదు. ఆయనకు తెలిసింది భక్తి, దుమ్ము అంటే చిరాకు. మేమేమో జ్ఞానం పెరిగి, దారులన్నీ ఒక్కొక్కటే మూసి, మధ్యలో రమణమ్మను నిలబెట్టాం.

ప్రసాద్ బాబుకు చెప్పాను. గొట్టం చూపించాను. ఆయన ఒప్పుకోలేదు.

"వైరు సంగతి వేరు మేస్త్రి గారూ, మనిషి సంగతి వేరు. వైరు మారుద్దాం. ఆవిడనూ పంపేద్దాం."

ఇలాంటి చోట వాదన పనిచేయదు. నేనొక ఉపాయం వేశాను. కోటపాడు షావుకారు సరుకు చూడడానికి వస్తున్న రోజున, "రంగు తేడాగా ఉందండి, షావుకారు ఊరుకోడు, మీరే దగ్గరుండి చూడాలి" అని ప్రసాద్ బాబును రమణమ్మ చోట నిలబెట్టాను. రెండు మ్యాట్ల మీద, కొత్త రబ్బరు బూట్లతో. రమణమ్మను మూలన కట్టలు కట్టమన్నాను. ఆయన చుట్టను శ్రద్ధగా తడిమి తడిమి చూశాడు. నేను పక్కన నిలబడి, "ఇంకొంచెం సూడండి, ఇంకొంచెం" అంటూ ఉన్నాను.

షావుకారు వచ్చాడు. పెద్ద మనిషి, పెద్ద మీసం, ఎడ్ల సంత నుంచి బెల్లం మండీ దాకా ఎవరికీ తల వంచని మనిషి. ప్రసాద్ బాబు ఎదురెళ్లి చేయి చాపాడు.

చిట్టు!

షావుకారు గాల్లోకి లేచాడు. నిజంగా లేచాడు. మీసం రెండు కొసలూ చీపురు పుల్లల్లా నిలబడ్డాయి.

"ఏటి బాబూ ఇది? సేతిలో తేలుని పెట్టుకుని సేతులు కలుపుతావేటి?"

ప్రసాద్ బాబు తన అరచేతి వైపు చూసుకున్నాడు. మూల నుంచి రమణమ్మ తాపీగా అడిగింది.

"మేస్త్రి బాబూ, ఆర్డరు అయ్యాక ప్రసాద్ బాబుని కూడా పంపించేస్తారేటండీ?"

ముందు షావుకారు నవ్వాడు, తర్వాత గవరయ్య, చివరికి ప్రసాద్ బాబు. "ఉండు రమణమ్మా, నువ్వుండు" అన్నాడు. ఆ సాయంత్రమే మ్యాట్లు ఎత్తించాడు.

ఏం చేయాలంటే

పని నేర్చుకునే పిల్లలకు ముఖ్యమైనది ఇక్కడుంది, నవ్వు ఆపి చదవండి. పచ్చ వైరు ఎక్కడికి పోతోందో చివరిదాకా నడిచి చూడండి. ఎవరో కట్టారులే అనుకోవద్దు, కట్టిన చోటు మారిపోయి ఉండవచ్చు. మేము దొడ్లో గొయ్యి తవ్వించి, రాగి పలక దింపి, బొగ్గూ ఉప్పూ పోసి పూడ్చి వైరును దానికి కలిపాం. ఎండాకాలంలో ఆ గోతిలో నీళ్లు పోయాలి, ఎండిన నేల కూడా దారి మూసేస్తుంది. ప్లాస్టిక్ చుట్టుకునే చోట సన్నని రాగి తీగల కుచ్చు ఒకటి, ప్లాస్టిక్‌కు తగిలీ తగలనట్టు కట్టి, దాన్నీ ఎర్త్‌కు కలపాలి. పుట్టిన కరెంటును పుట్టిన చోటే దువ్వెనలా దువ్వేస్తుంది. మా గవరయ్య మొదట వినాయక చవితి పందిట్లో మిగిలిన మెరుపు తోరణం కట్టాడు. చాలా అందంగా ఉంది, దేనికీ పనికిరాలేదు. అదీ ప్లాస్టిక్కే.

రంగు తొట్టి, సాల్వెంటు డబ్బా, పోసే గిన్నె, అన్నీ లోహానివై ఉండాలి, అన్నీ ఎర్త్‌కు కలిసి ఉండాలి. ప్లాస్టిక్ బకెట్లో సాల్వెంటు పోసేవాణ్ణి చూస్తే ఎంత పెద్ద మనిషైనా తిట్టండి, పాపం రాదు. తొట్టి దగ్గరికి వెళ్లేముందు మిషను ఇనప ఒంటిని ఒకసారి ముట్టుకుని వెళ్లండి, కానీ తొట్టికి దూరంగా ముట్టుకోండి. ఆవిరి బయటకు పోయే ఫ్యాను ఎప్పుడూ తిరగాలి. పాలిస్టరు బట్టలకు సెలవివ్వండి. అలాగని ఒట్టి కాళ్లతో తిరగమని చెప్పను. రోలరు కాలి మీద పడితే పెద్దాయన భక్తి అడ్డుపడదు. కరెంటును నేలలోకి దింపే చెప్పులూ మ్యాట్లూ వేరే దొరుకుతాయి, అవి కొనిపించండి. ఇక ఒక మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టిందనుకోండి. ఆ మనిషి ఎక్కడ నిలబడిందో చూడండి.

ఒట్టు సంగతి

ఇంత ఒట్టేసి మొదలుపెట్టినవాణ్ణి కనుక ఏది కల్పించానో చెప్పాలి.

పిల్లి నిజం. ట్యూబులైటు నిజం, చీకట్లో చూస్తే మీకూ కనిపిస్తుంది. షావుకారు మీసం నిజం. ప్లాస్టిక్ గొట్టానికి కట్టిన ఎర్త్ వైరు కూడా నిజమే. అంత తెలివితక్కువ పని కల్పించడం నావల్ల కాదు.

కల్పించింది ప్రసాద్ బాబుకు ముందే గొట్టం చూపించి వాదించడాన్ని, నా ఉపాయాన్ని. మూల నుంచి వినిపించిన రమణమ్మ మాటను. ఆ రోజు ఆమె గదిలో లేదు. ఆర్డరు పూర్తయిన సాయంత్రమే, ఇంకా వైరు వెంట మేము నడవకముందే, ఆమెను పంపించేశారు. ప్రసాద్ బాబు ఆమె చోట నిలబడింది నేను నిలబెడితే కాదు. అచ్చు అంత శుభ్రంగా చూసే మనిషి దొరక్క, షావుకారు రెండో ఆర్డరుకు తానే నిలబడాల్సి వచ్చింది. షావుకారు గాల్లోకి లేచాకే ఆయన నా మాట విని దొడ్లోకి వచ్చి గొట్టం చూశాడు. నవ్వలేదు. "మేస్త్రి గారూ, వెళ్లి ఆవిడను తీసుకురండి" అన్నాడు.

వెళ్లాను. ఆమె చెరుకు తోటలో ఉంది, మోపు కడుతోంది. జరిగిందంతా చెప్పాను. వైరు, గొట్టం, షావుకారు మీసం. మీసం దగ్గర నవ్వింది.

"అయితే నాలో ఏటీ నేదన్నమాట."

"ఏమీ లేదు రమణమ్మా. రేపట్నుంచి వచ్చేయి."

"వస్తాను, నీడపట్టున పనికి రానంటానేటి? కానీ ఆటోలో ఇప్పటికీ నా పక్కన ఎవులూ కూకోరు బాబూ. మా గుంటని బడిలో తోటిపిల్లలు ముట్టుకోరు. అమ్మకి కరెంటుంది, కూతురికీ ఉంటాదంట. నేదని ఆలకి ఎవులు సెప్తారు?"

"నేను సెప్తాను. ఇంటింటికీ తిరిగి సెప్తాను."

ఆమె మోపు తాడు బిగించి, ముడి వేసి, నావైపు చూసింది.

"మీరు సెప్తే ఎవులు నమ్ముతారు బాబూ?" అంది కోపం లేకుండా. తర్వాత తలగుడ్డ సర్దుకుని, మోపు ఎత్తడానికి ఒక చేయి వేయమంది. రెండు చేతులూ వేశాను.